పాత మారుతి 800లో పెట్రోలు దారి: తిరుపతి నుంచి ఒక ప్రాజెక్టు డైరీ

ఈ డైరీలోని కారు 1994 మోడల్ మారుతి 800. ఉమ్మడి చిత్తూరు జిల్లా నాటి ఏపీ 03 నంబరు ప్లేటే దీనికి ఇంకా ఉంది. 1983 డిసెంబరులో మొదలై 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన ఈ మోడల్‌లో, 2000 ప్రాంతం వరకు వచ్చిన కార్లకు పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే కార్బురేటరు, ఇంజను వాల్వులను కదిపే క్యామ్‌షాఫ్ట్ నడిపే యాంత్రిక ఫ్యూయల్ పంపు ఉండేవి. కంప్యూటరు గాని, సెన్సర్లు గాని లేవు కాబట్టి తప్పు ఎక్కడుందో చూపే దీపం డ్యాష్‌బోర్డు మీద వెలగదు. దానికి బదులు ట్యాంకు నుంచి కార్బురేటరులోని జెట్టు (పెట్రోలును కొలిచి వదిలే సన్న రంధ్రం) వరకు పెట్రోలు నడిచే దారి అంతా చేతికి అందుతుంది, ప్రతి జాయింటునూ విప్పి అక్కడి దాకా పెట్రోలు వచ్చిందో లేదో కళ్లతో చూడవచ్చు. ఫలానా చోట పెట్రోలు ఆగిందని రుజువయ్యే వరకు ఒక్క కొత్త భాగం కూడా కొనకూడదన్నది ఈ పనికి నేను పెట్టుకున్న నియమం.

మార్చి 9, ఆదివారం

మా నాయన ఈ కారును ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టి ఏళ్లు గడిచాయి. బ్యాటరీ మార్చిన తరువాత సెల్ఫ్ చక్కగా తిరుగుతోంది గాని ఇంజను పట్టుకోవడం లేదు. ఇటువంటి కారు విషయంలో మొదట తేల్చవలసినది ఒక్కటే: లేనిది స్పార్కా (పెట్రోలును అంటించే నిప్పురవ్వ), పెట్రోలా? ఈ రెండింటినీ విడదీయకుండా కార్బురేటరు విప్పడం మొదలుపెడితే పని ఎటు పోతుందో చెప్పలేము.

పెట్రోలు గొట్టాలేవీ విప్పకముందే స్పార్కు పరీక్ష ముగించాను, ఎందుకంటే పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది కాబట్టి నేలమట్టాన షెడ్డు మూలల్లో పేరుకుంటుంది, అక్కడ ఒక్క నిప్పురవ్వ చాలు. ప్లగ్గు విప్పి, దాని లోహపు ఒంటిని ఇంజనుకు ఆనించి సెల్ఫ్ కొట్టిస్తే నీలిరంగు స్పార్కు గట్టిగానే వచ్చింది. చోక్ (గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచే మీట) లాగి అంతసేపు తిప్పినా మూడు ప్లగ్గుల మొనలూ పొడిగానే ఉన్నాయి, పెట్రోలు వాసన కూడా తగలలేదు. సిలిండర్లలోకి పెట్రోలు చేరి స్పార్కు లేకపోయి ఉంటే ఇవి తడిసి ఉండేవి.

ఆయిల్ డిప్‌స్టిక్కును కూడా తీసి వాసన చూశాను. ఫ్యూయల్ పంపులోని డయాఫ్రం (ఆడుతూ పెట్రోలును లాగే పలుచటి పొర) చినిగితే పెట్రోలు ఇంజను ఆయిల్‌లోకి దిగే అవకాశం ఉంది, అప్పుడు ఆయిల్ మట్టం పెరుగుతుంది, పలచబడుతుంది. అటువంటి ఆయిల్‌తో ఇంజను నడిపితే బేరింగులకే ముప్పు కాబట్టి ఈ పరీక్ష స్టార్టు కావడానికి ముందే జరగాలి. ఆయిల్ నల్లగా ఉంది గాని మట్టం సరిగా ఉంది, పెట్రోలు వాసన లేదు.

చివరగా ఎయిర్ క్లీనర్ మూత తీసి, కార్బురేటరు గొంతులో రెండు మూడు చెంచాల లోపు తాజా పెట్రోలు పోసి, సీసాను దూరంగా తీసుకుపోయిన తరువాత మా మేనల్లుడి చేత తాళం తిప్పించాను. ఇంజను వెంటనే పట్టుకుని, ఒకటి రెండు క్షణాలు బలంగా తిరిగి ఆగిపోయింది. ఆ రెండు క్షణాల్లోనే చాలా సంగతులు తెలిశాయి: కంప్రెషన్ చాలినంత ఉంది, టైమింగ్ ఉంది, స్పార్కు ఉంది. లేనిదల్లా పెట్రోలే.

మార్చి 16, ఆదివారం

ఈ కారు కార్బురేటరులో పెట్రోలు నిలవ ఉండే ఫ్లోటు గదికి చిన్న గుండ్రటి గాజు కిటికీ ఉంది. అందులో పెట్రోలు మట్టం మధ్య గుర్తు దగ్గర కనబడాలి. తుడిచి, టార్చి వేసి చూస్తే లోపల పెట్రోలు ఆనవాలు లేదు, గాజుకు లోపలి వైపు గోధుమ రంగు చార మాత్రం ఉంది. అంటే లోపం కార్బురేటరులో ఉన్నా లేకున్నా, దాని కంటే ముందే ఇంకొకటి ఉంది. కార్బురేటరును విప్పే ఆలోచన దీనితో వాయిదా పడింది.

తరువాతి పరీక్ష పంపు నుంచి కార్బురేటరుకు పోయే గొట్టం దగ్గర. ఇగ్నిషన్ కాయిల్‌కు పోయే వైరు ఊడదీసి, స్పార్కుకు తావు లేకుండా చేసి, ఆ గొట్టం చివరను సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టించాము. సెల్ఫ్ మీద ఇంజను నిమిషానికి సుమారు 200 చుట్లు తిరుగుతుందనుకుంటే క్యామ్‌షాఫ్ట్ అందులో సగం, అంటే 100 చుట్లు తిరుగుతుంది, దానితో పాటే పంపు 100 సార్లు కొట్టుకుంటుంది. పది సెకన్లకు పదహారు దెబ్బలు. బాగున్న పంపు ఆ పాటికి సీసాలోకి చిమ్మడం మొదలుపెట్టాలి. సెల్ఫ్ మోటారు వేడెక్కకుండా మధ్య మధ్య విరామం ఇస్తూ కొట్టించినా సీసాలోకి గాలి తుస్సుమనడం తప్ప చుక్క రాలేదు.

ఇక్కడికి వచ్చేసరికి చూసినవారందరిదీ ఒకే తీర్పు. రేణిగుంట రోడ్డులో మాకు తెలిసిన మెకానిక్ భాయ్ ఫోనులో విని, "పంపు వీక్ అయిపోయింటుంది నా, కొత్తది ఎక్కిద్దాం" అన్నాడు. మా నాయన కూడా అదే మాట పట్టుకుని, "పంపు మారిస్తే అయిపోయేదానికి ఇంత కథ ఎందుకురా?" అని కుర్చీ వేసుకుని కూర్చున్నారు. వారి అనుమానం అర్థం లేనిది కాదు. అయితే పంపులో నుంచి పెట్రోలు బయటికి రాకపోవడానికి రెండు కారణాలు ఉండవచ్చు: పంపు పనిచేయకపోవడం ఒకటి, పంపు దాకా పెట్రోలు రాకపోవడం ఇంకొకటి. ఈ రెండూ బయటికి ఒక్కలాగే కనిపిస్తాయి.

అందుకని పంపుకు వచ్చే గొట్టాన్ని విప్పి, దాని స్థానంలో ఒక కొత్త రబ్బరు పైపు తొడిగి, రెండో కొసను అర లీటరు తాజా పెట్రోలు ఉన్న సీసాలో ముంచాను. సీసాను నేల మీద ఉంచాను, బానెట్ ఎత్తున పట్టుకోలేదు. ఈ తేడా ముఖ్యం. ఎత్తున పట్టుకుంటే పెట్రోలు తన బరువుతోనే పంపులోకి దిగుతుంది, అప్పుడు పంపుకు పీల్చే శక్తి ఉందో లేదో తెలియదు. నేల మీది సీసా నుంచి పైకి లాగగలిగితే ట్యాంకు నుంచి కూడా లాగగలదు. "మామా, తిప్పేదా?" అని అడిగి మేనల్లుడు తాళం తిప్పగానే, కొద్ది క్షణాలు గాలి పోయి, ఆ తరువాత బయటి గొట్టంలోంచి ఆగి ఆగి, దెబ్బకొక చిమ్ము చొప్పున పెట్రోలు సీసాలో పడింది. చిమ్మడం ఆగిన తరువాత పంపు పీల్చే ముక్కుకు బొటనవేలు ఆనించి తిప్పిస్తే వేలిని పట్టి లాగుతోంది. పంపు నిర్దోషి.

పంపుకు మూడు ముక్కులు ఉన్నాయి: పెట్రోలు వచ్చేది, కార్బురేటరుకు పోయేది, మిగిలిన పెట్రోలు తిరిగి ట్యాంకుకు పోయేది. ఈ మూడో ముక్కుకు గొట్టం లేదు. ఒక చిన్న రబ్బరు ముక్క తొడిగి, దాని కొసలో బోల్టు దూర్చి, క్లిప్పు వేసి మూసేశారు. ఎప్పుడో ఎవరో చేసిన సర్దుబాటు అది. కంటికి నచ్చలేదు గాని ప్రస్తుత లోపానికి అది కారణం కాదు కాబట్టి ఇవాళ ముట్టుకోలేదు. ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏ మార్పుతో ఏది బాగయిందో చెప్పడానికి ఆధారం ఉండదు.

మార్చి 23, ఆదివారం

ట్యాంకులోని పాత పెట్రోలును సైఫన్‌తో తోడి లోహపు డబ్బాలోకి తీశాను. వాసనలో పెట్రోలు ఘాటు పోయి, వార్నిషు వాసన మిగిలింది. రంగు చిక్కటి టీ డికాషన్ రంగు. పెట్రోలులో త్వరగా ఆవిరయ్యే తేలిక భాగాలే చల్లని ఇంజనును స్టార్టు చేయిస్తాయి, నిలవ ఉన్న పెట్రోలులో మొదట పోయేవి అవే. మిగిలినవి గాలితో కలిసి బంక కడతాయి. దానిని పక్కన పెట్టి ట్యాంకులో అయిదు లీటర్లు తాజాగా పోశాను.

ఇప్పుడు అనుమానం ట్యాంకుకూ పంపుకూ మధ్య ఉన్న దారి మీద. కారు కింద పొడుగునా ఒక లోహపు గొట్టం, దానికి రెండు కొసల దగ్గర పొట్టి రబ్బరు పైపులు ఉంటాయి. ఇంజను వైపు కొసలో సైకిల్ పంపు తగిలించి నెమ్మదిగా గాలి కొడితే, ట్యాంకు మూత దగ్గర చెవి పెట్టిన మేనల్లుడికి బుడబుడమని శబ్దం వినిపించింది. దారి పూర్తిగా మూసుకుపోలేదన్నమాట. అయినా పంపు లాగితే పెట్రోలు రావడం లేదు.

ఈ ముడి విప్పింది చేపల తొట్టెల దుకాణంలో దొరికే పారదర్శకమైన గొట్టం. దానిని పంపు ముందు తాత్కాలికంగా అమర్చి సెల్ఫ్ కొట్టిస్తే, లోపల పెట్రోలు సన్నని ముక్కలు ముక్కలుగా, మధ్య మధ్య పొడుగాటి గాలి బుడగలతో కదలడం కనబడింది. ఈ రకం గొట్టం పెట్రోలులో ఎక్కువ కాలం ఉంటే గట్టిపడి పగులుతుంది కనుక పరీక్ష అయిన వెంటనే తీసివేయాలి, అలాగే ఉంచి రోడ్డెక్కకూడదు. దారి మూసుకుపోయి ఉంటే ద్రవం కదలదు, కాని బుడగలు రావు. బుడగలు వస్తున్నాయంటే ఎక్కడో బయటి గాలి లోపలికి దూరుతోంది.

పంపుకు ఇవతల, అవతల అని దారిని రెండుగా చూడడం ఈ పనిలో అన్నిటికంటే ఉపయోగపడింది. పంపు నుంచి కార్బురేటరు వరకు పెట్రోలు మీద ఒత్తిడి ఉంటుంది, అక్కడ పగులు ఉంటే పెట్రోలు బయటికి కారుతుంది, వాసన కొడుతుంది, నేల తడుస్తుంది. ట్యాంకు నుంచి పంపు వరకు ఉన్నది పీల్చే దారి. అక్కడి ఒత్తిడి బయటి గాలి కంటే తక్కువ. చీలిన స్ట్రాతో కొబ్బరిబోండాం తాగినట్టు, పంపు ఎంత లాగినా నీళ్లకు బదులు గాలే వస్తుంది, బయట మాత్రం ఒక్క చుక్క కారదు. షెడ్డు నేల పొడిగా ఉంది కాబట్టి లీకు లేదని ఇంట్లో అందరూ అనుకోవడానికి కారణం ఇదే. లీకు ఉంది, అది లోపలి వైపుకు ఉంది.

కారును జాకీతో ఎత్తి, దిమ్మెలు పెట్టి, ట్యాంకు దగ్గరి రబ్బరు పైపు చూశాను. చేతితో తడిమితే నునుపుగానే ఉంది. క్లిప్పు విప్పి కొసను వేలి చుట్టూ వంచగానే, క్లిప్పు కింద దాగి ఉన్న చోట నాలుగైదు పగుళ్లు నోళ్లు తెరిచాయి. వాటిలో ఒకటి లోపలి పొర దాకా దిగింది. రబ్బరు గోరు గుచ్చితే దిగనంత గట్టిపడింది. వయసు ఒక కారణం, పెట్రోలులో కలిపే ఇథనాల్ మరొకటి కావచ్చు. 2023 ఫిబ్రవరిలో 20 శాతం ఇథనాల్ పెట్రోలు దేశంలో మొదలై, 2025 నాటికి మామూలు బంకుల్లో దొరికేది కూడా దాదాపు అదే అయింది. 1994లో ఈ కారుకు వేసిన రబ్బరు ఆ ఇంధనాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినది కాదు. ఇథనాల్‌కు కొన్ని పాత రబ్బర్లు ఉబ్బి మెత్తబడతాయి, అది ఆరిపోయాక బిగిసి పగులుతాయి.

పాతదాని లోపలి కొలతకు సరిపడే కొత్త పైపును, మీద ఎస్‌ఏఈ జె30 ఆర్9 అని ఇంధన పైపుల ప్రమాణం ముద్ర ఉన్నదానిని తెచ్చి, రెండు కొసలూ మార్చాను. ఈ రకానికి లోపల ఫ్లోరిన్ రబ్బరు పొర ఉంటుంది కాబట్టి ఇథనాల్‌కు తట్టుకుంటుంది. మామూలు నీళ్ల పైపో, గ్యాసు పొయ్యి పైపో కోసి తొడగడం మన వైపు షెడ్లలో కనబడే అలవాటు. దాని మీద నాకు సదభిప్రాయం లేదు. సైలెన్సరుకు దగ్గరగా పోయే గొట్టంలో పొదుపు చేయవలసిన అవసరం ఏమిటో అర్థం కాదు.

మార్చి 30, ఆదివారం, ఉగాది

పచ్చడి తిని, పూజ ముగిసిన తరువాత తాళం తిప్పితే ఇంజను పట్టుకుంది. గాజు కిటికీలో పెట్రోలు మధ్య గుర్తుకు వచ్చింది. మా నాయన మొహం వెలిగింది గాని, సుమారు పది నిమిషాల తరువాత ఇంజను దగ్గి, వేగం తగ్గి ఆగిపోయింది. కిటికీలో మట్టం పడిపోయింది. కాసేపు వదిలేసి కొడితే మళ్లీ స్టార్టయి, ఈసారి ఇంకా త్వరగా ఆగింది.

ఇక్కడ అందరికీ తోచేది ట్యాంకు మూత. మూతలోని గాలి వాల్వు బిగుసుకుపోతే, పెట్రోలు తగ్గేకొద్దీ ట్యాంకులో శూన్యం ఏర్పడి పంపు లాగలేదని. మూత వదులు చేసి నడిపాను, అయినా ఆగింది. నిజానికి లెక్క వేసినా ఆ అనుమానం నిలవదు. దాదాపు ముప్పై లీటర్లు పట్టే ట్యాంకులో అయిదు లీటర్లే ఉన్నాయి, అంటే పైన పాతిక లీటర్ల గాలి. నిలబెట్టి నడిపే చిన్న ఇంజను పది నిమిషాల్లో తాగేది నూరు, నూట యాభై మిల్లీలీటర్లకు మించదు. పాతిక లీటర్ల గాలి ఆ కొంచెం మేర వ్యాకోచిస్తే ఒత్తిడి ఒక్క శాతం కూడా తగ్గదు. ట్యాంకు నిండుగా ఉండి పైన లీటరు రెండు లీటర్ల గాలి మాత్రమే ఉన్నప్పుడు ఆ మూతే నిజంగా బండిని ఆపగలదు.

పారదర్శక గొట్టాన్ని మళ్లీ పెట్టి చూశాను. ఈసారి బుడగలు లేవు. ద్రవం మొదట నిండుగా కదిలి, క్రమంగా మందగించి, నిలిచిపోయింది. అంటే గాలి దూరడం ఆగింది, ఇప్పుడున్నది అడ్డు. ఆగిన తరువాత కాసేపటికి మళ్లీ పారుతోంది కాబట్టి అది కదిలే అడ్డు. ట్యాంకులో పీల్చే గొట్టం చివరి జల్లెడకు తుప్పు రజను వచ్చి అతుక్కోవడం, పంపు ఆగగానే విడివడి కిందికి జారడం అనే లక్షణం ఇది. సైకిల్ పంపు పరీక్షలో బుడబుడ శబ్దం వినిపించినప్పుడు, ఆ ఎదురు గాలే జల్లెడ మీది రజనును తాత్కాలికంగా ఊది ఉంటుంది. ఎదురు గాలి పరీక్షతో దారి ఉన్నదో లేదో తెలుస్తుంది, ఆ దారి నిలుస్తుందో లేదో తెలియదు.

ఏప్రిల్ 13, ఆదివారం

ట్యాంకు దింపాము. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేసి, పెట్రోలంతా ఖాళీ చేసి, షెడ్డు తలుపులు రెండూ తెరిచి, అగ్నిమాపక సిలిండరును చేతికందే చోట పెట్టుకుని మొదలుపెట్టాను. పట్టీల బోల్టులు తుప్పుపట్టి ఉన్నాయి. గ్యాసుతో కాల్చి వదులు చేయడం ఇటువంటి బోల్టులకు షెడ్లలో అలవాటైన చిట్కా గాని, పెట్రోలు ట్యాంకు పక్కన దానికి చోటు లేదు. తుప్పు వదిలించే నూనె కొట్టి, రాత్రంతా నాననిచ్చి, పొడుగు పానాతో విప్పాము. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదం. అందులో ఉన్నది పెట్రోలు ఆవిరి, గాలి కలిసిన మిశ్రమం. అందుకే ట్యాంకుకు వెల్డింగు పెట్టించమన్న సలహాను వినలేదు.

లోపలికి టార్చి దీపం వేసి చూస్తే, పై భాగం శుభ్రంగానే ఉంది. అడుగున, పీల్చే గొట్టం ఉండే పల్లంలో, అరచేయంత మేర తుప్పు పొలుసులు, వాటి మీద జిగట. ట్యాంకు వంచితే మూలలో నుంచి నీటి చుక్కలు కూడా విడిగా దొర్లాయి. 2021 నవంబరులో తిరుపతి మునిగిన వరదల్లో నీళ్లు షెడ్డు గడప దాకా వచ్చి ఆగాయి, కారును తాకలేదు కాబట్టి ఈ నీళ్లను ఆ ఖాతాలో వేయడానికి లేదు. ఇథనాల్ కలిసిన పెట్రోలు కొంత నీటిని తనలో కరిగించుకుంటుంది. హద్దు దాటితే నీరు, ఇథనాల్ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరతాయి. తుప్పు సరిగ్గా పల్లంలోనే మొదలవడానికి అదే కారణం. జల్లెడ తీసి గాజు పళ్లెంలో కడిగితే, కాఫీ పొడి రంగులో మెత్తటి రజను పళ్లెం నిండా పరుచుకుంది. అయస్కాంతం దగ్గరికి తెస్తే అందులో చాలా భాగం లేచి అంటుకుంది.

శుభ్రం చేయడానికి కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు వాడాను. మొదట సబ్బు నీళ్లతో జిగట పోయేదాకా కడగాలి, లేకపోతే ఆమ్లం లోహాన్ని చేరదు. తరువాత లీటరు గోరువెచ్చని నీటికి నూరు గ్రాముల చొప్పున నిమ్మ ఉప్పు కలిపి నింపి, ట్యాంకును మిద్దె మీద ఎండలో పెట్టాను. ఏప్రిల్ ఎండ ఈ పనికి బాగా పనికొచ్చింది. మధ్య మధ్య నట్లు నాలుగు వేసి కదిలించి, మరునాడు పారబోస్తే నీళ్లు ఎర్రటి బురదలా వచ్చాయి. ఆ వెంటనే వంటసోడా నీళ్లతో కడిగి ఆమ్లాన్ని విరిచి, మంచినీళ్లతో తొలిచి, ఎండలో పూర్తిగా ఆరబెట్టాను. తడి లోహం గంటల్లోనే మళ్లీ తుప్పు పడుతుంది కాబట్టి ఆరడం ముగిసిన వెంటనే కాస్త పెట్రోలు పోసి అంతటా తిప్పాను. పెట్రోలు తిరిగి వచ్చే సన్న గొట్టం కూడా ట్యాంకు వైపు కొసలో పూడుకుపోయి ఉంది. దానిని కూడా ఇప్పుడే తెరిచి గాలి ఊదాను, అవసరం తరువాత వస్తుంది.

కొత్త ఫిల్టరు, కొత్త జల్లెడ వేసి ట్యాంకు ఎక్కించాము. ఫిల్టరు మీది బాణం గుర్తు ఇంజను వైపు ఉండాలి.

ఏప్రిల్ 20, ఆదివారం

ఇంజను ఇప్పుడు ఆగకుండా నడుస్తోంది, అయితే చోక్ లోపలికి నెడితే చాలు స్లో స్పీడులో (యాక్సిలరేటరు తొక్కకుండా) నిలవడం లేదు. యాక్సిలరేటరు తొక్కి ఉంచితే బాగుంది. పెట్రోలు ఫ్లోటు గది దాకా సరిగా చేరుతోంది కాబట్టి కార్బురేటరును విప్పడానికి ఇప్పుడు న్యాయం కలిగింది.

విప్పే ముందు ఒక చిన్న పరీక్ష. ఈ కార్బురేటరులో స్లో స్పీడు దారిని తెరిచే సోలనాయిడ్ (కరెంటుతో కదిలే వాల్వు) ఉంటుంది. తాళం ఆన్ చేయగానే అది టిక్కుమనాలి, ఆఫ్ చేయగానే దారి మూసి ఇంజను వెంటనే ఆగేలా చేయాలి. టిక్కు వినబడలేదు. వైరు తీసి బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు ఇస్తే టిక్కుమంది. సోలనాయిడ్ బాగానే ఉంది, దాని వైరు కనెక్టరులో పచ్చగా చిలుము పట్టింది. గీరి శుభ్రం చేస్తే సగం సమస్య తీరింది.

మిగతా సగం స్లో జెట్టులో ఉంది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే రంధ్రం కనబడలేదు. జెట్లు ఇత్తడివి, మెత్తనివి. సన్న తీగ దూర్చి పొడిస్తే రంధ్రం కొలత మారిపోతుంది, ఇక ఆ జెట్టు మీద నమ్మకం ఉంచలేము. కార్బురేటరు క్లీనరులో నానబెట్టి, గాలి ఊది, మళ్లీ నానబెట్టి ఊదితే చుక్కంత వెలుగు కనబడింది. ఫ్లోటు గదిలోకి పెట్రోలు రాకను ఆపే నీడిల్ వాల్వు మొనలో ఉంగరం లాంటి అరుగు గీత ఉంది కనుక, చెన్నై జీపీ రోడ్డు నుంచి తెప్పించిన కిట్టులోని కొత్త వాల్వును, గ్యాస్కెట్లను వేశాను. ఈ మోడల్‌కు విడిభాగాల కొరత ఇంకా రాలేదు.

మిశ్రమం స్క్రూను పాత లెక్క కంటే కొద్దిగా చిక్కన వైపు, అంటే పెట్రోలు పాలు పెరిగేలా, తిప్పవలసి వచ్చింది. బరువు లెక్కన పెట్రోలు ఒక వంతుకు గాలి 14.7 వంతులు కావాలి, ఇథనాల్‌కు 9 వంతులు చాలు. 20 శాతం కలిసినప్పుడు ఆ లెక్క సుమారు 13.5కు దిగుతుంది. కొత్త కార్లలో సెన్సరు చూసి కంప్యూటరు సర్దుకుంటుంది, ఇక్కడ సర్దవలసినది మన స్క్రూడ్రైవరే. మెయిన్ జెట్టు మార్చలేదు. పికప్‌లో కాస్త తడబాటు ఉంది, అది భరించదగినదే.

మే 4, ఆదివారం

ఎండలు 40 డిగ్రీలు దాటాక కొత్త లోపం బయటపడింది. ఉదయం వెంటనే స్టార్టయ్యే కారు, తిరుచానూరు వెళ్లి పావుగంట నీడలేని చోట ఆపి వస్తే పట్టుకోవడం లేదు. బానెట్ ఎత్తితే పెట్రోలు వాసన గుప్పుమంది, గాజు కిటికీలో పెట్రోలు నురగలు కక్కుతోంది. పెట్రోలులోని తేలిక భాగాలు 35, 40 డిగ్రీల దగ్గరే మరగడం మొదలుపెడతాయి. ఇంజను ఆపిన వెంటనే రేడియేటరు ఫ్యాను, గాలి రెండూ ఆగి బానెట్ కింద వేడి తగ్గకపోగా పెరుగుతుంది. పంపులో చిక్కిన పెట్రోలు ఆవిరై వ్యాకోచించి, దారి ఉన్న వైపుకు, అంటే కార్బురేటరులోకి నెడుతుంది, అది పొంగి ఇంజనులోకి కారుతుంది. ఆ స్థితిలో యాక్సిలరేటరును పదే పదే తొక్కకూడదు, ఒక్కసారి అడుగంటా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొడితే ఎక్కువైన పెట్రోలు బయటికి పోయి పట్టుకుంటుంది. ఇది తాత్కాలిక ఉపాయం మాత్రమే.

మార్చిలో గుర్తు పెట్టుకున్న ఆ మూడో ముక్కు పని ఇక్కడ పడింది. పంపులోని ఆవిరికి, మిగులు పెట్రోలుకు ట్యాంకు వైపు దారి ఇవ్వడానికే కంపెనీ దానిని పెట్టింది. బోల్టు బిగించి మూసినవారు బహుశా ఆ గొట్టం కారుతుంటే సులువు దారి చూసుకుని ఉంటారు. బోల్టు తీసి, కొత్త పైపు వేసి, ముందే శుభ్రం చేసి ఉంచిన సన్న గొట్టానికి కలిపాను. కార్బురేటరు కింద వేడిని అడ్డుకునే మందపాటి దిమ్మె పగలలేదని చూసుకుని, పంపు నుంచి వచ్చే పైపును ఎగ్జాస్టుకు దూరంగా జరిపి కట్టాను.

మే 18, ఆదివారం

మధ్యలోని ఆదివారం గంగ జాతర సందడిలో పోయింది. ఇవాళ రోడ్డు పరీక్ష. నిలబెట్టి నడిపినప్పుడు ఇంజను తాగేది చాలా తక్కువ కాబట్టి పెట్రోలు దారి అప్పుడు పాసయిందంటే పెద్దగా అర్థం లేదు. సెకండ్ గేరులో ఎక్కుతూ, నిలకడగా బరువు లాగేటప్పుడే దాని సత్తా బయటపడుతుంది. తిరుమల ఘాట్ రోడ్డు దగ్గరలోనే ఉన్నా, అక్కడ ఆగిపోతే వెనకాల వచ్చే భక్తుల బండ్లన్నీ ఆగుతాయి. అందుకని చంద్రగిరి, రంగంపేట మీదుగా భాకరాపేట ఘాట్‌ను ఎంచుకున్నాము. మా నాయన ముందు సీటులో, మేనల్లుడు వెనక సీటులో నీళ్ల క్యానుతో కూర్చున్నారు.

ఎక్కుడులో ఎక్కడా దగ్గలేదు. పైన ఎండలో ఆపి, టీ తాగి, బానెట్ కింద వేడి పూర్తిగా చేరేంత సేపు వేచి, తాళం తిప్పితే రెండో చుట్టుకే పట్టుకుంది. కిటికీలో పెట్రోలు కదలకుండా గుర్తు దగ్గరే ఉంది.

ఇంటికి వచ్చాక ఫిల్టరును వెలుతురుకు పట్టి చూస్తే అడుగున ఎర్రటి రజను కొద్దిగా కనబడింది. ట్యాంకు మూలల్లో మిగిలినది ఇంకా కొంతకాలం రాలుతుంది. కొత్త ఫిల్టరు ఒకటి డిక్కీలో పెట్టాను, 500 కిలోమీటర్లకు మార్చాలి. కారును ఇక వారాల తరబడి నిలిపే పని ఉంటే ట్యాంకును నిండుగా ఉంచాలని, అప్పుడు మూతలోని వాల్వును కూడా ఒకసారి నోటితో ఊది చూసుకోవాలని షెడ్డు గోడ మీది క్యాలెండరులో రాసిపెట్టాను. మెకానిక్ భాయ్ దగ్గర ఇక మిగిలిన పని క్లచ్ కేబుల్, దానికి ఈ డైరీతో సంబంధం లేదు.